చెరువు దాటిన మాట

మైకు పనిలోకి వచ్చే కుర్రవాళ్లకు ఇప్పుడు గొంతుతో పని లేదు. క్యాసెట్ వేసి ఆటోలో వెనక్కి వాలి కూర్చుంటే చాలు, చెప్పాల్సింది అదే చెప్పుకుంటూ పోతుంది. మా రోజుల్లో గొంతే పెట్టుబడి. పొద్దున అల్లం ముక్క, సాయంత్రం ఉప్పునీళ్లు, మధ్యలో ఎంత తిరిగితే అంత చాయ్. నేను ఆ పనిలో పాతికేళ్లు బతికాను. ఈమధ్యే మానేశాను. మానేసినవాణ్ణి గదా, అడిగినవాళ్లకల్లా పాత కథలు చెబుతుంటాను. అన్నీ చెప్పాను గానీ, ఒక పంచాయతీ ఎన్నిక సంగతి మాత్రం ఎప్పుడూ సగమే చెప్పాను. ఆ సగంలో ఒక మంచి మనిషి పేరు చెడింది. మిగతా సగం ఇది.

నేను గౌలిపురవాణ్ణి. మాకు నాలుగు బర్రెలు ఉండేవి. పాలు పోసే ఇళ్లలో శాలిబండలోని మా ఉస్తాద్ ఇల్లొకటి. ఆయనకు మైకు సెట్ల దుకాణం ఉంది. ఆయన గుమ్మం ముందు నిలబడి రోజూ "పాలూ" అని కేక పెట్టేవాణ్ణి. ఒకరోజు ఆయన మా బాపును పిలిచి, "ఈ గొంతు పాలకు ఎక్కువైంది భాయ్. నాకియ్యి" అన్నాడు. బాపు కాసేపు ఆలోచించి, "దూడ లెక్క తింటడు, చూసుకో" అని నన్ను అప్పగించాడు.

ఉస్తాద్ నాకు మొదట నేర్పింది మాట్లాడడం కాదు, గోడల్ని చూడడం. పాతబస్తీ గల్లీలు వంకరగా, ఇరుగ్గా ఉంటాయి. ఒక మలుపు తిరిగితే గొంతు సగమవుతుంది. రెండో మలుపుకు చచ్చిపోతుంది. అందుకని ప్రతి గల్లీలో మళ్లీ మొదటినుంచి చెప్పాలి. చెప్పేటప్పుడు ఆ గల్లీవాళ్లకు నచ్చేట్టు చెప్పాలి. "గల్లీ బదల్ గయీ తో బాత్ బదల్నా, మియా" అనేవాడు ఉస్తాద్. గల్లీ మారితే మాట మార్చాలి. ఒక మునిసిపల్ ఎన్నికలో ఒకే అభ్యర్థి తరఫున నేను గౌలిపురలో "మన బర్రెల జోలికి ఎవ్వర్నీ రానియ్యడు" అని చెప్పి, అరగంట తర్వాత శాలిబండలో "రోడ్డు మీద బర్రె కనపడనియ్యడు" అని చెప్పాను. రెండు చోట్లా చప్పట్లు కొట్టారు. ఆయన గెలిచాడు. బర్రెలు రోడ్డు మీదే ఉన్నాయి. దీన్ని మేము అబద్ధం అనుకోలేదు, పనితనం అనుకున్నాం.

ఆ పనితనంతోనే నేను ఆ చెరువు ఊరికి వెళ్లాను.

ఊరు పట్నానికి దక్షిణంగా, బస్సులో వెళ్తే గంటన్నర దూరం. ఊరు చెరువుకట్ట కింద, దాని కింద వరి పొలాలు. బెస్తవాడ మాత్రం చెరువుకు అవతలి ఒడ్డున విడిగా ఉంటుంది. కట్ట పక్కనున్న రెండు వీధులనూ బెస్తవాడనూ కలిపి పంచాయతీలో ఒకే వార్డు చేశారు. ఆ వార్డు మెంబరుగా మొదటిసారి బెస్తవాడనుంచి ఒకాయన నిలబడ్డాడు. ఆయనా ఆయన భార్యా చేపలు తెచ్చి మా శాలిబండ మూలమీదే అమ్మేవారు. ఉస్తాద్‌కు వాళ్ల చేపలంటే ప్రాణం. అవతలి అభ్యర్థి చుట్టుపక్కల మైకు సెట్లన్నీ ముందే మాట్లాడుకోవడంతో ఈయన మా దగ్గరికి వచ్చాడు.

"పోటీ ఎందుకు పడ్డవ్ అన్నా? చేపలకు ఓట్లున్నయా?" అని నేను వేళాకోళం ఆడాను.

ఆయన నవ్వలేదు. "తూము కోసం" అన్నాడు.

సంగతి ఇది. ఎండాకాలంలో చెరువు నీళ్లు తగ్గుతాయి. ఆలస్యంగా నాటిన యాసంగి వరికి చివరి తడులకు ఆ నీళ్లే కావాలి. చేపలు పెరగడానికీ ఆ నీళ్లే కావాలి. మృగశిర కార్తె రోజున పట్నమంతా చేపలు తింటుందని మీకు తెలుసు. బెస్తవాళ్లకు ఏడాది సంపాదన ఆ ఒక్క కార్తెలో ఉంటుంది. అప్పటిదాకా చేప బతకాలంటే చెరువు అడుగున కొన్ని నీళ్లు ఉండాలి. తూము ఎప్పుడు తీయాలో, ఎప్పుడు మూయాలో ఆ ఊళ్లో పంచాయతీ కూర్చుని తేలుస్తుంది. అలా కూర్చునేవాళ్లలో బెస్తవాడ మనిషి ఎన్నడూ లేడు. అందుకే మూడేళ్లుగా మృగశిరకు ముందే తూము తీసి అడుగంటా వదిలేస్తున్నారు.

నేను ఊళ్లోకి దిగిన రోజు ఆయన నాకు చెప్పాల్సిన మాట నేర్పాడు. "తూము పక్కన ఒక రాయి ఉన్నది. నీళ్లు గా రాయి దాక దిగేవరకు పొలాలకు. రాయి కింది నీళ్లు మృగశిర దాక చేపలకు. గింతే."

"గింతేనా అన్నా?"

"గింతే. ఎక్కువ చెప్తే తక్కువైతది."

నాకు చాలా చప్పగా అనిపించింది. దాంట్లో ఊపు లేదు, తిట్టు లేదు, చివర చప్పట్లు కొట్టే చోటు లేదు. అయినా ఆయన మనిషి అలాంటివాడు. కట్ట కింది వీధుల్లో రైతుల గుమ్మాల ముందూ అదే మాట, బెస్తవాడలోనూ అదే మాట. పెద్దకాపు అని పిలిచే ఒక ముసలి రైతు ఉండేవాడు. ఆ రెండు వీధులూ ఆయన మాట మీద నడిచేవి. ఈయన రోజూ సాయంత్రం కట్ట మీద పెద్దకాపు పక్కన కూర్చుని, నచ్చచెప్పడం కూడా కాదు, ఊరికే కూర్చునేవాడు.

నా హారన్లు రెండూ ఒక ఎడ్లబండి మీద కట్టారు. బ్యాటరీ గడ్డి మీద పెట్టాం. రెండు రోజులు ఆ రాయి మాటే చెబుతూ తిరిగాను. రెండో రోజు పొద్దున బెస్తవాడ ఒడ్డున పళ్లు తోముకుంటుండగా ఒకటి చూశాను. చెరువు నడుమ ఒక మనిషి పడవలో వల తీస్తున్నాడు. ఒడ్డున అంట్లు తోముకుంటున్న అతని భార్య తల ఎత్తకుండానే, ఇంట్లో పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టు, "గంజి చల్లగైతుంది" అంది. అంత దూరం నుంచి అతను, "వస్తున్న, లొల్లి చెయ్యకు" అన్నాడు. గొంతు పెంచలేదు. నాకు విచిత్రంగా అనిపించింది. బాగా వినపడే మొగుడూ పెళ్లాలు అనుకుని నోరు కడుక్కున్నాను. గొంతు అమ్ముకుని బతికేవాణ్ణి, అంతకుమించి ఆలోచించలేదు.

మూడో రోజు సాయంత్రం ప్రచారం ముగుస్తుంది. పొద్దు వాలుతుండగా బండిని బెస్తవాడకు తోలించాను. ఒడ్డు వాలుగా ఉండి బండి తిరగలేదు. హారన్ల మూతులు చెరువు వైపే ఉండిపోయాయి. బండివాడు, "తిప్పి కట్టాల్నా?" అని అడిగాడు. "ఉండనీ, నీళ్లకు చెవులుంటయా?" అన్నాను. ఆ మాటకు నేనే నవ్వుకున్నాను కూడా. గాలి పూర్తిగా ఆగిపోయింది. చెరువు పరిచిన అద్దంలా ఉంది.

రాయి మాట చెప్పాను. జనం వింటున్నారు గానీ ఎవరిలోనూ కదలిక లేదు. వల అల్లుకుంటున్న ఒక ముసలాయన, "మైకు పిల్లగా, గా రాయి పాతింది మా తాత. మాకే రాయి సంగతి చెప్తున్నవా? కొత్తది ఏమన్న ఉంటే చెప్పు" అన్నాడు. నలుగురు నవ్వారు. ఒక యువకుడు లేచి, "ఊరోళ్ల దగ్గర గిదే చెప్తివి, మా దగ్గర గిదే చెప్తివి. మా అన్న మావోడా, వాళ్లోడా?" అన్నాడు.

గల్లీ మారింది, మాట మార్చాలి. అది ఆలోచన కాదు, చేతికి అలవాటైన పని. మైకు దగ్గరికి తీసుకున్నాను.

"వినుండ్రి. నిచ్చెన గుర్తు మీద మన అన్న గెలిచిన తెల్లారి తూముకు తాళం పడ్తది. తాళంచెవి మన వాడల్నే ఉంటది. మృగశిర దాక పొలాలకు చుక్క నీళ్లు పోవు. అడిగెటోడు ఎవడో వచ్చి అడగమనుండ్రి."

ఈలలు పడ్డాయి. పిల్లలు డబ్బాలు కొట్టారు. రాయి ముసలాయన కూడా వల పక్కన పెట్టి చేతులు చరిచాడు. మూడు రోజులుగా ఆకలి మీదున్న గొంతు నాది. ఇంకోసారి చెప్పాను. రెండోసారి ఇంకా బాగా వచ్చింది.

కాసేపటికి అవతలినుంచి ఒక పడవ వచ్చింది. అందులో మా అభ్యర్థే ఉన్నాడు. గడ నెమ్మదిగా వేస్తూ వచ్చాడు. ఒడ్డుకు దిగి పడవ తాడు కట్టాడు. నా దగ్గరికి వచ్చి, "మైకు బందు చెయ్యి తమ్మీ" అన్నాడు.

చేశాను.

"కట్ట మీద పెద్దకాపు పక్కన కూసున్న. రాయి మాట బాగున్నది, మా రెండు వీధులు నీకే అని నా చెయ్యి పట్టుకున్నడు. పట్టుకున్న చెయ్యి ఇడవకముందే నీ గొంతు వచ్చింది."

"అంత దూరమా అన్నా?"

"నీళ్ల మీద దూరం ఉండదు. నా పక్కన కూసోని చెప్పినట్టే ఇనొచ్చింది. రెండుసార్లు."

"పెద్దకాపు ఏమన్నడు?"

"ఏమనలే. కండువ దులుపుకొని లేచిండు."

నేను తల వంచుకున్నాను. ఆయన తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టుతో లెక్క తీరిపోయేది. ఆయన నా బండి చక్రానికి ఆనుకుని కాసేపు చెరువు చూశాడు. తర్వాత, "రేపు మైకు లేదు. ఎల్లుండి ఓట్లు. రేపు పొద్దుగాల ఊర్లె చావడి కాడికి రా. అందరు ఉంటరు. గా మాట ఆయనది కాదు, నేను కల్పించిన అని నీ నోటితో చెప్పు. గంతే. మిగిలింది నేను చూసుకుంట" అన్నాడు.

"వస్త అన్నా. సామాను దుకాణంల పెట్టి పొద్దుగాల మొదటి బస్సుకు వస్త" అన్నాను.

వస్తాననే అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు అది నిజమే.

చివరి బస్సుకు శాలిబండ చేరి ఉస్తాద్‌కు అంతా చెప్పాను. గల్లీ సూత్రం నేర్పినవాడు గదా, నన్ను వెనకేసుకొస్తాడని ఆశ. ఆయన హుక్కా పక్కన పెట్టాడు.

"జా. చెప్పి రా" అన్నాడు.

"ఉస్తాద్, మీరే గదా నేర్పింది?"

"గల్లీలో నేర్పిన. గల్లీల ఝూట్ మాట మూల తిరగంగనే సస్తది, ఎవరికి నుక్సాన్ లేదు. అది చెరువు. అక్కడ సావదు. పో మియా. కొడతరని ఫికరా? కొడితే పట్టీ నేను కడ్త."

కొడతారని నాకు భయం లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. పొద్దున బస్సుస్టాపుకు వెళ్లాను. చావడి దగ్గర నిలబడి చెప్పాల్సిన వాక్యాన్ని నోట్లో అనుకుని చూశాను. "ఆ మాట నాది." అంత చిన్న వాక్యం. నేను పుట్టినప్పటినుంచి అరుస్తూనే ఉన్నాను గానీ, నా తరఫున నేను ఒక్క మాట కూడా ఎక్కడా చెప్పలేదు. పాలు బాపువి, సినిమాలు వేరేవాళ్లవి, ఎన్నికలు ఇంకెవరివో. చేతిలో మైకు లేకుండా నలుగురి ముందు నా మొహం ఎలా ఉంటుందో నాకే తెలియదు. బస్సు వచ్చింది. కండక్టరు, "ఎక్కుతవా లేదా?" అని అడిగాడు. చెయ్యి అడ్డంగా ఊపాను. తర్వాతి బస్సుకు వెళ్దామనుకున్నాను. అదీ ఎక్కలేదు. ఉప్పుగూడ స్టేషన్ దాకా నడిచి, వచ్చేపోయే రైళ్లను చూస్తూ బెంచీ మీద కూర్చుని, సాయంత్రం దుకాణానికి తిరిగి వచ్చాను.

"చెప్పినవా?" అన్నాడు ఉస్తాద్.

"చెప్పిన" అన్నాను.

ఆయన నాకు తన డబ్బాలోంచి పాన్ తీసి ఇచ్చాడు. ఉస్తాద్ అలా ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఆ తర్వాత ఎన్నేళ్లు బతికాడో అన్నేళ్లూ, కొత్తగా పనిలోకి వచ్చిన ప్రతివాడికీ నన్ను చూపించి, "వీడు తప్పు చేసి, పోయి ఒప్పుకొని వచ్చిండు" అని చెప్పేవాడు. నేను పక్కనే నిలబడి వైర్లు చుట్టుకునేవాణ్ణి.

బెస్తవాడ అన్న ఓడిపోయాడని నాలుగు రోజులకు తెలిసింది. మృగశిర నాడు ఉస్తాద్ నన్ను చేపలకు పంపాడు. మూలమీద ఎప్పుడూ కూర్చునే చోటే అన్న భార్య కూర్చుని ఉంది. ముందు గంప లేదు, ఒక చిన్న చాపమీద ఎండుచేపలు ఉన్నాయి. వేరే ఊరునుంచి కొనుక్కొచ్చినవి. చుట్టూ అందరి గంపల దగ్గరా జనం ఎగబడుతున్నారు. ఆమె దగ్గర ఎవ్వరూ లేరు.

"తూము తీసిండ్రు తమ్మీ" అంది. నన్ను తిట్టడానికి అనలేదు. చేపలు ఎందుకు లేవో చెప్పాలి కదా, అందుకు చెప్పింది. "బుర్దల పడి సచ్చినయి. అరచెయ్యంత కూడ పెరగలే."

నేను చేపల సంచి మడిచి చంకలో పెట్టుకున్నాను.

"చావడి కాడ అడిగిండ్రు, గా తాళం మాట నీదేనా అని. నువ్వు వస్తవని పొద్దెక్కేదాక చూసిండు. నువ్వు రాకపోతివి. నాదే అన్నడు."

"నాదని ఎందుకన్నడు అక్కా?"

"నేను గట్లనే అడిగిన. లేని మనిషి మీద ఎట్ల చెప్పాలె అన్నడు. మైకు నేను పెట్టించుకున్నదే గదా అన్నడు." ఆమె ఎండుచేపలు ఇటువి అటు సర్దింది. "ఇప్పుడు ఊర్లె ఆయనకు రెండు నాలుకలోడని పేరు. రాయి అని ఒకటి, తాళం అని ఒకటి. పోరగాళ్లు కూడ అంటరు."

అక్కడున్న ఎండుచేపలన్నీ కొనుక్కుని వెళ్లాను. ఉస్తాద్ వాటిని చూసి, "మృగశిరకు ఎవడైనా ఎండుచేప తింటడా?" అని నవ్వాడు. తర్వాత నెలల్లో ఆమె ఆ మూల మానేసింది. ఇంకెక్కడో అమ్ముతున్నారని విన్నాను. వెతకలేదు.

ఆయన మళ్లీ పోటీ చేయలేదు. నేను మటుకు ఎన్ని ఎన్నికల్లో అరిచానో చెప్పలేను. ఒక మార్పు వచ్చింది. గల్లీ మారినా మాట మార్చేవాణ్ణి కాను. ఈ పిచ్చి నియమం వల్ల కొన్ని పనులు పోయాయి. ఎందుకని అడిగినవాళ్లకు చెరువు కథ చెప్పేవాణ్ణి. పట్నంవాడు నీళ్ల ముందు బోర్లా పడ్డ కథ, అందరూ నవ్వేవారు. బస్సుస్టాపు దాకా వచ్చేసరికి కథ ఆపేసేవాణ్ణి. అలా ఆపిన ప్రతిసారీ ఆయన మళ్లీ రెండు నాలుకలోడయ్యాడని నాకు తెలుసు.

ఉస్తాద్ పోయాక, దుకాణం మూసేశాక, పోయిన చలికాలంలో ఆ ఊరి బస్సు ఎక్కాను. బెస్తవాడలో ఇళ్లు పెరిగాయి. ఆయన ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నేను పలకరించేసరికే, మొహం చూడకుండా, "మైకు తమ్మీ" అన్నాడు.

చెప్పాల్సిందంతా చెప్పాను. బస్సుస్టాపు, ఉప్పుగూడ బెంచీ, ఉస్తాద్‌తో ఆడిన అబద్ధం. ఆయన వల వదలకుండా విన్నాడు. ఆయన భార్య గడపలోంచి, "ఇప్పుడు ఎలచ్చన్లు లేవు గదా, ఎవరికి పనికొస్తది?" అంది.

"నాకు చెప్తే ఏమొస్తది?" అన్నాడు ఆయన కూడా. "నాకు గప్పుడే ఎరుక గదా. ఇనాల్సినోళ్లు ఆడున్నరు." గడ్డంతో అవతలి ఒడ్డు చూపించాడు. కట్ట మీద నలుగురైదుగురు ముసలివాళ్లు ఎండకు కూర్చుని ఉన్నారు. పెద్దకాపు లేడు, పోయి చాలా కాలమైంది. ఆయన పక్కన కూర్చునే వాళ్లు మాత్రం ఉన్నారు.

నీళ్ల అంచుకు వెళ్లాను. గాలి లేదు. గొంతు పెంచలేదు.

"ఆనాడు తాళం మాట ఈ అన్నది కాదు. నేను కల్పించిన. మైకు నా చేతుల ఉండె."

అవతల ఒక తల ఇటు తిరిగింది. కాసేపటికి ఒక ముసలి గొంతు, పక్కన కూర్చుని అన్నట్టే, నీళ్ల మీదినుంచి వచ్చింది.

"ఎవడివిరా నువ్వు? గాడ నిలబడి చెప్పుడేంది? ఈడికొచ్చి చెప్పు."

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆయన వల మడిచి మేకుకు తగిలించి, చెప్పులు వేసుకుంటున్నాడు.

"పడవల పోదామా అన్నా?" అన్నాను.

"వద్దు. కట్ట మీదికెళ్లి పోదాం" అన్నాడు. "నడుస్తుంటె అందరు చూస్తరు."